గీత ఎక్కడ గీస్తారు? వెయిట్‌లిఫ్టింగ్ పోటీల ఫార్మాట్ మారుతూ వచ్చిన కథ

2000 సెప్టెంబర్ 19, సిడ్నీ ఒలింపిక్స్, మహిళల 69 కిలోల విభాగం. ఫలితం ఇది. చైనాకు చెందిన లిన్ వెయినింగ్ 242.5 కిలోలు, స్వర్ణం. హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ 242.5 కిలోలు, రజతం. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలు, కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా మల్లీశ్వరి పేరు మనందరికీ తెలుసు. జీకే పేపర్లో ఒక మార్కు ప్రశ్నగా ఎన్నోసార్లు రాసేశాం కూడా.

కానీ ఆ మూడు అంకెలను మళ్లీ ఒకసారి చూడండి. మొదటి ఇద్దరూ ఎత్తింది ఒకే బరువు. మరి ఒకరికి స్వర్ణం, ఇంకొకరికి రజతం ఎలా వచ్చాయి? మల్లీశ్వరికీ వాళ్లకూ తేడా సరిగ్గా రెండున్నర కిలోలే ఎందుకు ఉంది, ఒకటో రెండో ఎందుకు కాలేదు? అంతకు ఐదేళ్ల ముందు 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి సిడ్నీలో 69 కిలోల విభాగంలో ఎందుకు నిలబడింది?

ఈ ప్రశ్నలకు జవాబులు లిఫ్టర్ భుజబలంలో కన్నా రూల్ బుక్‌లో ఎక్కువ ఉన్నాయి. ఒక క్రీడలో గెలుపును కొలిచే పద్ధతినే ఫార్మాట్ అంటాం. ఆ కొలత మారితే విజేత కూడా మారిపోవచ్చు. మల్లీశ్వరి తర్వాత కూడా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పిల్లలు ఈ ఆటలోకి వస్తూనే ఉన్నారు కాబట్టి, ఆ కొలత ఎలా పనిచేస్తుందో మనకు తెలిసి ఉండాలి. స్టీల్ ప్లాంట్ పక్కన కూర్మన్నపాలెంలో ఇనుమును టన్నుల లెక్కన చూసే మనం, ఈసారి ఒక్క కిలో ఇనుము ఎంత తేడా తెస్తుందో చూద్దాం.

ఒక పోటీ ఎలా నడుస్తుంది

ముందు ప్రాథమిక విషయాలు. లిఫ్టులు రెండు. స్నాచ్ అంటే బార్‌ను నేల మీద నుంచి ఒకే ఊపులో తల పైకి తీసుకెళ్లడం. క్లీన్ అండ్ జెర్క్ అంటే మొదట భుజాల దాకా, అక్కడ నుంచి తల పైకి, రెండు దశల్లో ఎత్తడం. ఒక్కో లిఫ్టుకు మూడు అవకాశాలు. రెండింటిలో అత్యుత్తమమైనవి కలిపితే వచ్చేదే టోటల్. స్నాచ్‌లో మూడు అవకాశాలూ పోతే టోటల్ ఉండదు, పోటీలో ఉన్నా లేనట్టే.

మగవాళ్ల బార్ బరువు 20 కిలోలు, ఆడవాళ్లది 15 కిలోలు. ప్లేట్ల రంగు చూసి బరువు చెప్పేయొచ్చు: ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. ప్లాట్‌ఫాం నాలుగు మీటర్ల చదరం. ముగ్గురు రిఫరీలు ఉంటారు. కనీసం రెండు తెల్ల లైట్లు వెలిగితే లిఫ్ట్ చెల్లుతుంది.

పోటీకి రెండు గంటల ముందు శరీర బరువు తూకం మొదలవుతుంది, ఒక గంట పాటు సాగుతుంది. విభాగం పరిమితి 53 కిలోలైతే 53.00 దాటకూడదు. పోటీదారులు ఎక్కువమంది ఉంటే ముందే ఇచ్చిన ఎంట్రీ టోటల్స్‌ను బట్టి ఎ, బి, సి గ్రూపులుగా విడదీస్తారు. బలమైనవాళ్లు ఎ గ్రూపులో చివరన దిగుతారు. ఫలితాలు మాత్రం అందరివీ కలిపే లెక్కిస్తారు. కాబట్టి పొద్దున్న బి గ్రూపులో ఎత్తినవాళ్లు సాయంత్రం దాకా కూర్చుని, ఎ గ్రూపు ఫలితం చూసి పతకం అందుకున్న సందర్భాలూ ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. బార్ మీద బరువు పెరుగుతూనే పోతుంది, తగ్గదు. అందరికన్నా తక్కువ అడిగినవాళ్లు ముందు వస్తారు. ఒకసారి బార్ 108కి వెళ్లిందంటే ఇక 107 అడగడానికి వీల్లేదు. లిఫ్టర్‌కు ఒక నిమిషం టైం, తన లిఫ్ట్ వెనకే మళ్లీ తనే రావాల్సి వస్తే రెండు నిమిషాలు. తన తర్వాతి బరువును రెండుసార్లు మార్చుకోవచ్చు. అందుకే తెర వెనక కోచ్‌లు కాగితం, పెన్ను పట్టుకుని చదరంగం ఆడుతుంటారు. ప్రత్యర్థి ఎంత అడిగారు, మనం ఎంత అడగాలి, ఎప్పుడు మార్చాలి అన్న లెక్కే అది. టీవీలో కనిపించేది బలం, కనిపించనిది ఈ లెక్క.

ఇంకో సంగతి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్నాచ్‌కు, క్లీన్ అండ్ జెర్క్‌కు, టోటల్‌కు విడివిడిగా పతకాలు ఇస్తారు. ఒలింపిక్స్‌లో టోటల్‌కు మాత్రమే. కామన్వెల్త్ క్రీడల్లో 2002 మాంచెస్టర్ దాకా మూడూ ఇచ్చారు, 2006 మెల్‌బోర్న్ నుంచి టోటల్‌కే పరిమితం చేశారు. అందుకే ఒక ఏడాది మన వెయిట్‌లిఫ్టర్లకు ఇరవై పతకాలు వచ్చాయని, తర్వాతి క్రీడల్లో తగ్గాయని విన్నప్పుడు, తగ్గింది మనవాళ్ల సత్తువో లేక పంచే పతకాల సంఖ్యో ముందు తేల్చుకోవాలి.

మూడు లిఫ్టులు రెండయ్యాయి

1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో అసలు బరువు విభాగాలే లేవు. ఒంటిచేత్తో ఎత్తే పోటీ ఒకటి, రెండు చేతులతో ఎత్తేది ఒకటి. రెండు చేతుల పోటీలో డెన్మార్క్‌కు చెందిన విగ్గో జెన్సెన్, బ్రిటన్‌కు చెందిన లాన్స్‌టన్ ఎలియట్ ఇద్దరూ 111.5 కిలోలే ఎత్తారు. జెన్సెన్ ఎత్తిన తీరు బాగుందని చెప్పి అతనికి మొదటి స్థానం ఇచ్చేశారు. అంటే ఈ ఆటలో మొట్టమొదటి టై-బ్రేక్ ‘చూడ్డానికి బాగుండటం’. కొలత కాదు, అభిప్రాయం.

1920 ఆంట్‌వెర్ప్ నాటికి ఐదు బరువు విభాగాలు వచ్చాయి. 1928 నుంచి ఒంటిచేతి లిఫ్టులు పోయి ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే మూడు లిఫ్టుల పద్ధతి స్థిరపడింది. ప్రెస్ అంటే భుజాల దగ్గర ఉన్న బార్‌ను కాళ్ల ఊపు లేకుండా కేవలం చేతుల బలంతో పైకి తొయ్యడం. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి పేరున్న దండమూడి రాజగోపాలరావు ఆ మూడు లిఫ్టుల కాలం మనిషి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన కాంస్యం గెలిచారు.

ప్రెస్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే, రిఫరీలు దాన్ని సరిగ్గా తూచలేకపోయారు. నిటారుగా నిలబడి తొయ్యాల్సిన చోట లిఫ్టర్లు నడుమును వెనక్కి విల్లులా వంచి, దాదాపు పడుకున్నంత పని చేసి ఎత్తడం మొదలుపెట్టారు. ఎంత వంగితే తప్పు అన్నదానికి కొలబద్ద లేదు. ఒక రిఫరీ తెల్ల లైట్ వేస్తే ఇంకొకరు ఎర్ర లైట్ వేసేవారు. వెన్నుకు ప్రమాదం ఎలాగూ ఉంది. చివరికి 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత ప్రెస్‌ను తీసేశారు.

మన ల్యాబ్ భాషలో చెప్పాలంటే, నమ్మకమైన రీడింగ్ ఇవ్వని పరికరాన్ని పక్కన పెట్టేశారు. కానీ దాంతో పాటు ప్రెస్‌లో దిట్టలైన లిఫ్టర్ల పై చేయి కూడా రాత్రికి రాత్రి పోయింది. రాజగోపాలరావు కాలం నాటి టోటల్స్‌ను ఇప్పటి టోటల్స్‌తో పోల్చడానికి లేదు, ఎందుకంటే అవి మూడు సంఖ్యల మొత్తం, ఇవి రెండింటి మొత్తం.

లీస్ట్ కౌంట్ సమస్య

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్నప్పుడు మొదట రాసుకునేది లీస్ట్ కౌంట్. పరికరం చూపించగలిగే అతి చిన్న తేడా అది. దానికన్నా చిన్న తేడా నిజంగా ఉన్నా పరికరానికి తెలియదు.

సిడ్నీ నాటికి వెయిట్‌లిఫ్టింగ్ లీస్ట్ కౌంట్ 2.5 కిలోలు. బార్ మీద బరువు రెండున్నర కిలోల మెట్లుగానే పెరిగేది. ప్రపంచ రికార్డు కోసం చేసే ప్రయత్నాల్లో మాత్రం అర కిలో పెంచే వెసులుబాటు ఉండేది. ఇప్పుడు ఫలితం చూడండి:

లిన్ వెయినింగ్: 110 + 132.5 = 242.5
ఎర్జెబెత్ మార్కుష్: 112.5 + 130 = 242.5
కరణం మల్లీశ్వరి: 110 + 130 = 240

స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య ఉన్నది ఒక్క మెట్టు. మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్‌లో చివరి అవకాశానికి 137.5 అడిగారు. అది నిలబడి ఉంటే 247.5తో స్వర్ణం ఆమెదే. నిలవలేదు. 132.5 అడిగి ఎత్తి ఉంటే ముగ్గురూ 242.5 దగ్గర సమానమయ్యేవారు. అలా సమానమైనప్పుడు అప్పటి నియమం ప్రకారం శరీర బరువు చూసేవారు, తూకంలో తేలికగా ఉన్నవాళ్లదే పైచేయి. లిన్‌కు స్వర్ణం వచ్చింది అలాగే, మార్కుష్ కన్నా ఆమె తేలిక.

ఈ రెండు నియమాలూ ఆ తర్వాత మారాయి. 2005లో మెట్టు 2.5 నుంచి ఒక కిలోకు దిగింది. రియో 2016 తర్వాత శరీర బరువు టై-బ్రేక్ పోయింది. ఇప్పుడు టోటల్ సమానమైతే క్లీన్ అండ్ జెర్క్ తక్కువగా ఉన్నవాళ్లు ముందు నిలుస్తారు. వినడానికి వింతగా ఉంటుంది కానీ తర్కం తేలికే. బార్ పైకే పోతుంది కదా, తక్కువ క్లీన్ అండ్ జెర్క్‌తో ఆ టోటల్ చేరినవాళ్లు దాన్ని ముందు చేరినట్టే. ముందు చేరినవాళ్లదే గెలుపు, వెనక వచ్చినవాళ్లు దాటాలి, సమానం అయితే చాలదు.

ఇప్పుడు అదే సిడ్నీ ఫలితానికి ఇవాళ్టి నియమం పెట్టి చూడండి. మార్కుష్ క్లీన్ అండ్ జెర్క్ 130, లిన్‌ది 132.5. టోటల్ సమానం. కాబట్టి స్వర్ణం మార్కుష్‌ది, రజతం లిన్‌ది. ఒక్క కిలో ఇనుము కూడా అటూ ఇటూ జరగలేదు, ముగ్గురు మనుషులూ అదే బలంతో అవే లిఫ్టులు చేశారు. పతకాల రంగు మాత్రం మారింది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ఇవాళ్టి నియమమే అప్పుడు ఉంటే కోచ్‌లు వేరే బరువులు అడిగేవారు, ఆటే వేరేలా సాగేది. అందుకే పాత ఫలితానికి కొత్త నియమం తగిలించి ‘అన్యాయం జరిగింది’ అనడం సరికాదు. ఫలితంలో నియమం వాటా ఎంతో తెలుసుకోవడానికి మాత్రం ఈ లెక్క పనికొస్తుంది.

ఒక కిలో మెట్టు వచ్చాక తేడాలు ఇంకా సన్నబడ్డాయి. 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల 49 కిలోల విభాగంలో మీరాబాయి చాను 199 కిలోలతో నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యం 200 కిలోలకు వెళ్లింది. ఒక్క లీస్ట్ కౌంట్.

పట్టిక మారితే మనిషి మారాలి

ఇక అసలు విషయం, బరువు విభాగాలు. మనిషి బరువు నిరంతరంగా మారే రాశి. పట్టిక దాన్ని డబ్బాలుగా విడగొడుతుంది. గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి ఒకరు డబ్బా పై అంచున సరిగ్గా సరిపోతారు, ఇంకొకరు కింద అంచున ఇరుక్కుని తనకన్నా బరువైనవాళ్లతో తలపడాల్సి వస్తుంది.

మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1987లో అమెరికాలోని డేటోనా బీచ్‌లో మొదలైంది. 1993లో పట్టిక మార్చి 46, 50, 54, 59, 64, 70, 76, 83, 83కి పైన అని తొమ్మిది విభాగాలు పెట్టారు. మల్లీశ్వరి వెలిగింది ఈ పట్టికలోనే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న శిక్షణలో మొదలైన ఆ అమ్మాయి 54 కిలోల విభాగంలో 1993లో మెల్‌బోర్న్‌లో కాంస్యం, 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్జౌలో ప్రపంచ స్వర్ణాలు, 1996లో వార్సాలో కాంస్యం గెలిచింది. వరుసగా నాలుగేళ్లు, నాలుగు పతకాలు.

కానీ ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగే లేదు. 1996 అట్లాంటా జరిగేటప్పుడు రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషికి అక్కడ దిగడానికి పోటీ లేదు. 2000లో మహిళలకు చోటు ఇస్తూ, మొత్తం పోటీల సంఖ్య పెరిగిపోకుండా 1998లో పట్టికను కుదించారు. మగవాళ్లవి పది నుంచి ఎనిమిదికి, ఆడవాళ్లవి తొమ్మిది నుంచి ఏడుకు తగ్గాయి: 48, 53, 58, 63, 69, 75, 75కి పైన. తలుపు తెరుచుకుంది కానీ 54 అనే గది లేదు. ఆ విభాగం రికార్డులు కూడా అక్కడితో ఆగిపోయాయి. పట్టిక మారినప్పుడల్లా ప్రపంచ రికార్డులను కొత్తగా మొదలుపెడతారు మరి.

మల్లీశ్వరి 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం గెలిచింది. రెండేళ్లకు సిడ్నీలో 69. ఐదేళ్లలో 54 నుంచి 69కి. దీనికి పట్టిక ఒక్కటే కారణం అనలేం, వయసు, శరీరం, జట్టు అవసరాలు అన్నీ ఉంటాయి. కానీ బరువు విభాగం మారడం అంటే ఫారం మీద అంకె దిద్దడం కాదు. పదిహేను కిలోల తేడా అంటే తిండి, కండ, బ్యాలెన్స్, ప్రత్యర్థులు అందరూ కొత్తే. సిడ్నీ కాంస్యాన్ని ఈ కోణంలో చూస్తే 240 అనే అంకె ఇంకొంచెం బరువు తూగుతుంది.

తర్వాతి తరం కథ కూడా ఇలాంటిదే. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు పడింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం వచ్చిన నైజీరియా లిఫ్టర్ డోప్ పరీక్షలో దొరికిపోవడంతో సంతోషి కాంస్యం రజతంగా మారింది. అంటే ఫలితం ప్లాట్‌ఫాం మీదే పూర్తి కాదు, ప్రయోగశాలలో పూర్తవుతుంది. బాపట్ల జిల్లా స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట రాహుల్ 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్‌లో 85 కిలోల విభాగంలో 338 కిలోలతో స్వర్ణం గెలిచాడు.

అదే ఏడాది నవంబర్‌లో పట్టిక మళ్లీ మారింది. సంతోషి 53 పోయి 55 వచ్చింది. రాహుల్ 85 పోయి 81, 89 వచ్చాయి. 85 కిలోల దగ్గర స్థిరపడిన మనిషి ఇప్పుడు నాలుగు కిలోలు దిగాలి, లేదా నాలుగు కిలోలు ఎక్కాలి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకు 81 తర్వాత నేరుగా 96 పెట్టారు, మధ్యలో ఉన్న 89 కూడా లేదు.

ఆపై 2025 జూన్‌లో ఇంకో మార్పు. మహిళల కొత్త పట్టిక: 48, 53, 58, 63, 69, 77, 86, 86కి పైన. మొదటి ఐదు అంకెలు ఎక్కడో చూసినట్టు లేవూ? అవి 1998 నాటి అంకెలే. 2018లో పోయిన 53, 69 రెండూ తిరిగొచ్చాయి. వాటిలో పతకాలు గెలిచినవాళ్ల వయసు మాత్రం తిరిగి రాదు కదా.

పట్టికను ఎవరు మారుస్తారు, ఎందుకు

అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య, అంటే ఐడబ్ల్యూఎఫ్, తన పట్టికను తానే గీస్తుంది. అయితే గీతలు గీసే పెన్సిల్ పూర్తిగా దాని చేతిలో ఉండదు. ఒలింపిక్స్‌లో ఎన్ని పోటీలు, ఎంతమంది ఆటగాళ్లు అన్నది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిర్ణయిస్తుంది. రియో 2016లో 15 విభాగాలు, 260 మంది. టోక్యోలో 14 విభాగాలు, 196 మంది. పారిస్‌లో 10 విభాగాలు, సుమారు 120 మంది, ఒక్కో దేశం నుంచి ముగ్గురు పురుషులు, ముగ్గురు మహిళలకు మించకూడదు. ఎనిమిదేళ్లలో సగానికి పైగా కోత.

కోతకు ముఖ్య కారణం డోపింగ్, దాన్ని కప్పిపుచ్చిన పాలన. ఐడబ్ల్యూఎఫ్ అధ్యక్షుడు తమాష్ అయాన్ 2020 ఏప్రిల్‌లో రాజీనామా చేయాల్సి వచ్చింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో ఈ ఆట ఉంటుందా లేదా అన్నదే కొంతకాలం తేలలేదు. 2023 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో గానీ ఖాయం కాలేదు. అక్కడ విభాగాలు 12 కానున్నాయి, మహిళలకు అతి తక్కువ విభాగం 53 కిలోలు.

అంటే 48, 49 కిలోల అమ్మాయిలకు ఒలింపిక్స్‌లో సొంత గది లేదు. నాలుగైదు కిలోలు పెంచుకుని, పుట్టుకతోనే ఆ బరువు ఉన్నవాళ్లతో పోటీ పడాలి. మన పల్లెల నుంచి ఈ ఆటకొచ్చే అమ్మాయిల్లో చిన్న శరీరాలే ఎక్కువ అనుకుంటే, ఈ గీత ఎవరి మీదుగా పోయిందో అర్థమవుతుంది. తప్పు చేసింది ఎక్కడో కొందరు, మూల్యం చెల్లించేది ఇంకెవరో. కోత వేసే పద్ధతిలో ఉన్న అన్యాయం అదే.

టెన్‌పిన్ బౌలింగ్‌కూ ఇదే కథ

ఇది ఒక్క వెయిట్‌లిఫ్టింగ్ సంగతే అనుకోవద్దు. మాల్స్‌లో సరదాకి ఆడే టెన్‌పిన్ బౌలింగ్ ఒలింపిక్స్ కోసం తన లెక్కల పద్ధతినే మార్చుకోవడానికి సిద్ధపడింది. ఆ ఆట అంతర్జాతీయ సమాఖ్య 1952లో పుట్టింది, ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1954లో హెల్సింకీలో మొదలైంది. సింగిల్స్, డబుల్స్, ట్రయోస్, ఐదుగురి టీం, వీటన్నిటిలో ఒక ఆటగాడు పడగొట్టిన పిన్‌ల మొత్తం మీద ‘ఆల్ ఈవెంట్స్’, అందులో పైన నిలిచినవాళ్ల మధ్య ‘మాస్టర్స్’: చాలాకాలం ఇదీ పద్ధతి. దీనిలో అదృష్టం వాటా తక్కువ, ఎందుకంటే ఒక్కొక్కరు పదుల గేములు ఆడతారు. కానీ చూసేవాళ్లకు విసుగు. టీవీకి అస్సలు పనికిరాదు.

లెక్క కూడా కొత్తవాళ్లకు ఓ పట్టాన అర్థం కాదు. మొదటి బంతికే పది పిన్‌లూ పడితే స్ట్రైక్, దానికి పదితో పాటు తర్వాతి రెండు బంతుల పిన్‌లు కలుస్తాయి. అంటే ఈ ఫ్రేమ్ స్కోరు తర్వాతి ఫ్రేమ్‌లు ఆడితే గానీ తెలీదు. వరుసగా పన్నెండు స్ట్రైక్‌లు కొడితే గరిష్ఠంగా 300. గత దశాబ్దంలో సమాఖ్య ఇంకో పద్ధతి తెచ్చింది. స్ట్రైక్‌కు అక్కడికక్కడే 30. రెండు బంతుల్లో పది పడగొడితే పదితో పాటు ఆ ఫ్రేమ్ మొదటి బంతికి పడ్డ పిన్‌లు. పది స్ట్రైక్‌లకే 300. చూడటానికి గరిష్ఠం అదే కానీ విలువ మారింది. పాత పద్ధతిలో స్ట్రైక్‌లు వరుసగా కొట్టేవాడికి లాభం, కొత్తదాంట్లో ఎక్కడ కొట్టినా ఒకటే. నిలకడకు ఇచ్చే బోనస్ పోయిందన్నమాట.

ఇంత చేసినా ఫలితం దక్కలేదు. టోక్యో 2020లో కొత్త ఆటలు చేర్చడానికి 2015 జూన్‌లో తయారైన ఎనిమిది ఆటల జాబితాలో బౌలింగ్ ఉంది, సెప్టెంబర్‌లో ఎంచిన ఐదింటిలో లేదు. 1978 నుంచి ఉంటూ పోతూ వచ్చిన ఆసియా క్రీడల్లో కూడా 2014 ఇంచియాన్‌లో 12 స్వర్ణాలుండగా, 2018లో 6కు తగ్గాయి, హాంగ్జౌ క్రీడల్లో ఆటే లేదు. ఫార్మాట్ మార్చుకున్నంత మాత్రాన చోటు దొరుకుతుందన్న హామీ లేదు. వెయిట్‌లిఫ్టింగ్ కనీసం ఆ చోటు నిలబెట్టుకుంది.

వార్త చదివేటప్పుడు

ఇకపై ఒక వెయిట్‌లిఫ్టింగ్ ఫలితం కనిపిస్తే ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. అది టోటల్ పతకమా, ఒక్క లిఫ్ట్ పతకమా? ఆ విభాగం ఒలింపిక్స్‌లో ఉన్నదేనా? తేడా ఎన్ని కిలోలు, టై అయితే ఎలా తేల్చారు? రికార్డు అంటే ఏ ఏడాది మొదలుపెట్టిన పట్టికలో రికార్డు?

ఒక చిన్న లెక్క కూడా చేసి చూడండి. ఎ: 85 + 108 = 193, ముగించింది. బి: 88 + 105 = 193, ముగించింది. సి: 86 + 106 = 192, ఒక అవకాశం మిగిలింది. సి కోచ్ మీరే. ఎంత అడుగుతారు? బార్ ఇప్పటికే 108 దగ్గరుంది కాబట్టి 107కి దారి లేదు. 108 ఎత్తితే టోటల్ 194, స్వర్ణం. ఎ కన్నా ముందే 107 అడిగి ఎత్తి ఉంటే టోటల్ 193, ముగ్గురూ సమానం. అప్పుడు క్లీన్ అండ్ జెర్క్ తక్కువున్న బి మొదటి స్థానం, సి రెండు, ఎ మూడు. అయితే ఎ కూడా ఊరుకోదు, తన బరువు పెంచుతుంది. మల్లీశ్వరి 137.5 అడిగిన క్షణంలో తెర వెనక నడిచింది ఇలాంటి లెక్కే.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలోనే. మనలో చాలామంది సెలవులకు ఆ స్టేషన్ మీదుగానే ఇంటికెళ్తారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో, కొండవెలగాడలో ఇవాళ కూడా పిల్లలు పొద్దున్నే బార్ ఎత్తుతుంటారు. వాళ్లలో 47 కిలోల అమ్మాయి ఉంటే, లాస్ ఏంజెలెస్ కోసం 53 దాకా ఎక్కాలా, లేక ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను నమ్ముకుని తేలిక విభాగంలోనే ఉండాలా అన్నది ఆమె, ఆమె కోచ్, ఆమె ఇంట్లో పాలూ గుడ్ల ఖర్చు చూసుకునేవాళ్లు కలిసి తేల్చుకోవాల్సిన విషయం. పట్టిక గీసినవాళ్లకు ఆమె పేరు తెలియదు. కనీసం ఫలితం చదివే మనకైనా ఆ పట్టిక సంగతి తెలిసి ఉంటే, నాలుగో స్థానం వచ్చిందని పెదవి విరిచే ముందు ఒక్క కిలో దగ్గర ఆగి ఆలోచిస్తాం.